సిస్టమ్‌డీ లేని చిన్న లినక్స్ డెస్క్‌టాప్: పాత ల్యాప్‌టాప్‌లో పెట్టుకోవడం, మొరాయిస్తే సరిచేసుకోవడం

పోయిన ఏడాది వానాకాలంలో అంబాజీపేటలో మా బాబాయి కొబ్బరి కొట్టుకి వెళ్తే, అటక మీద నుంచి పాత ల్యాప్‌టాప్ ఒకటి దించి నా చేతిలో పెట్టాడు. కోర్ టూ డ్యూయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కీబోర్డు మూలల్లో కొబ్బరి పీచు. "పారేయబుద్ధి కావట్లేదురా, దింపు లెక్కలూ కురిడీ లెక్కలూ రాసుకునేలా చేసిపెట్టు" అన్నాడు. అందులో సిస్టమ్‌డీ వాడని వాయిడ్ లినక్స్ వేశాను, ఇప్పటికీ రోజూ నడుస్తోంది. వేసిన రోజు నుంచి ఇవాళ్టి దాకా ఎక్కడెక్కడ ఆగిపోయానో, ఎలా బయటపడ్డానో వరసగా రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి మిషన్ ఒకటి మూలన పడి ఉంటే ఇది పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి.

కమాండ్లన్నీ పలికినట్టే రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి, పెద్ద అక్షరం కావాల్సిన చోట ఆ మాట విడిగా చెప్పాను. లినక్స్‌కి చిన్న అక్షరం వేరు, పెద్ద అక్షరం వేరు, సగం తప్పులు అక్కడే జరుగుతాయి. సిస్టమ్‌ని మార్చే ప్రతి కమాండ్ ముందూ సూడో (పూర్తి అధికారంతో నడపమనే మాట) ఉంటుందని గుర్తుపెట్టుకోండి, ప్రతిసారీ రాయలేదు.

ముందు సిస్టమ్‌డీ సంగతి

మిషన్ ఆన్ చేయగానే లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ లేస్తుంది, లేచి ఒకే ఒక్క ప్రోగ్రామ్‌ని మొదలుపెడుతుంది. దాన్నే ఇనిట్ అంటారు, దాని నంబరు ఎప్పుడూ 1. మిగతావన్నీ దాని పిల్లలే. 2010లో లెన్నార్ట్ పోట్టరింగ్, కే సీవర్స్ సిస్టమ్‌డీ అనే ఇనిట్‌ని బయటపెట్టారు. 2011లో ఫెడోరా 15, 2015లో డెబియన్ 8 అనే లినక్స్ రకాలు దాన్నే డిఫాల్ట్ చేసుకున్నాయి. అది నచ్చనివాళ్లు డెబియన్ నుంచి విడిపోయి దేవువాన్ పెట్టుకున్నారు, దాని మొదటి స్థిరమైన విడుదల 2017లో వచ్చింది. వాయిడ్ వాడేది గెరిట్ పేప్ రాసిన రనిట్ అనే ఇనిట్.

సిస్టమ్‌డీ తీసేస్తే ర్యామ్ బోలెడు మిగులుతుందని చాలామంది అనుకుంటారు. అంత మిగలదు. ర్యామ్ మిగిలేది పెద్ద డెస్క్‌టాప్ బదులు ఐస్‌డబ్ల్యూఎం లాంటి చిన్న విండో మేనేజర్ పెట్టుకోవడం వల్ల. రనిట్ నాకు నచ్చడానికి కారణం వేరే. లోపల ఏం జరుగుతోందో కళ్లతో చూడొచ్చు, మొత్తం నాలుగు ఫోల్డర్లలో ఉంటుంది, ఒక సాయంత్రం కూర్చుంటే అర్థమైపోతుంది.

మన డెల్టా కాలువల మీద లస్కర్లు ఉంటారు కదా, తూము దగ్గర షట్టర్ ఎత్తడం దించడం చూసుకునేవాళ్లు. రనిట్ అచ్చంగా అలాంటి ఏర్పాటే. ప్రతి సర్వీస్‌కీ (అంటే వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రామ్‌కి) రన్‌ఎస్‌వీ అనే ఒక లస్కర్ ఉంటాడు. వాడి పని ఆ ఒక్క తూమే, సర్వీస్ పడిపోతే మళ్లీ లేపడం, ఆపమంటే ఆపడం. ఈ లస్కర్లందరి మీదా రన్‌ఎస్‌వీడిర్ అనే మేస్త్రీ ఒకడుంటాడు. వాడు ఐదు సెకన్లకోసారి /వార్/సర్వీస్ ఫోల్డర్ చూస్తాడు, అందులో కొత్త పేరు కనపడితే దానికి లస్కర్‌ని వేస్తాడు, పేరు పోతే ఆ లస్కర్‌ని పంపించేస్తాడు.

నాకు వచ్చిన తిప్పలన్నీ చివరికి రెండు రకాలుగా తేలాయి. ఒకటి, పనికి ఎవరినీ పెట్టకపోవడం. రెండోది, ఒకే పనికి ఇద్దరిని పెట్టడం, ఒకడు షట్టర్ ఎత్తుతుంటే ఇంకోడు దించేస్తుంటాడు. కింద ఏ సమస్య చదువుతున్నా ముందు ఈ ప్రశ్న వేసుకోండి: ఈ పని ఎవరు చేస్తున్నారు, ఎంతమంది చేస్తున్నారు?

ఇన్‌స్టాల్ చేయడం

వాయిడ్ సైట్లో 64 బిట్ జీలిబ్‌సీ బేస్ ఇమేజ్ దించుకోండి. జీలిబ్‌సీ అంటే ప్రోగ్రాములన్నీ ఆధారపడే లైబ్రరీ. మజిల్ అని ఇంకో రకం ఉంటుంది, దాని జోలికి వెళ్లొద్దు. ప్రింటర్ కంపెనీల డ్రైవర్లు, బయటి ప్రోగ్రాములు చాలావరకు జీలిబ్‌సీ ఉంటేనే నడుస్తాయి. బేస్ సిస్టమ్‌కి 96 ఎంబీ ర్యామ్, 700 ఎంబీ డిస్క్ చాలు, కాబట్టి 2 జీబీ అంటే హాయిగా సరిపోతుంది. మీది నిజంగా 32 బిట్ ప్రాసెసర్ అయితే యాంటీఎక్స్ 23 అనే ఇంకో లినక్స్ చూడండి, డెబియన్ మీద కట్టిందే, సిస్టమ్‌డీ ఉండదు, రనిట్ రకం కూడా ఉంది.

ఇమేజ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి రాసి బూట్ చేస్తే లాగిన్ అడుగుతుంది. యూజర్ రూట్ (పూర్తి అధికారం ఉన్న యూజర్), పాస్‌వర్డ్ వాయిడ్‌లినక్స్ (అంతా కలిపి). లోపలికి వెళ్లాక వాయిడ్-ఇన్‌స్టాలర్ అని కొట్టండి, నీలం మెనూ వస్తుంది, పైనుంచి కిందకి వరసగా నింపుకుంటూ పోవడమే. సోర్స్ దగ్గర లోకల్ ఎంచుకోండి, నెట్ లేకపోయినా పని అయిపోతుంది. పార్టిషన్ దగ్గర మాత్రం జాగ్రత్త: ఇలాంటి పాత మిషన్లు బయోస్‌తోనే బూట్ అవుతాయి, కాబట్టి లేబుల్ అడిగినప్పుడు డాస్ అని పెట్టండి. నేను తొందరలో జీపీటీ పెట్టి, దానికి కావాల్సిన 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ ఇవ్వడం మర్చిపోయాను, చివర్లో బూట్ మెనూ చూపించే గ్రబ్ ఎక్కనని మొండికేసింది, గంటన్నర వృథా. సిస్టమ్ ఉండే రూట్ పార్టిషన్‌కి ఈఎక్స్‌టీ4, స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ ముక్క) 2 జీబీ. కరెంటు పోయే ఊళ్లో ఈఎక్స్‌టీ4 నమ్మకమైనది, జర్నల్ ఉంటుంది కాబట్టి మధ్యలో ఆగినా చాలాసార్లు తనే సర్దుకుంటుంది.

రీబూట్ అయ్యాక నెట్ కావాలి. కొట్లో వైఫై లేదు, ఫోన్‌కి కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే డీహెచ్‌సీపీసీడీ అనే సర్వీస్ తనే నెట్ అడ్రస్ తీసుకుంది. ముందు ప్యాకేజీ మేనేజర్‌ని, తర్వాత మొత్తాన్ని కొత్తది చేసుకోండి:

ఎక్స్‌బీపీఎస్-ఇన్‌స్టాల్ -ఎస్‌యూ ఎక్స్‌బీపీఎస్
ఎక్స్‌బీపీఎస్-ఇన్‌స్టాల్ -ఎస్‌యూ

రెండు చోట్లా ఎస్ పెద్దది, యూ చిన్నది.

ఇక్కడే మొదటి దెబ్బ తగిలింది. సర్టిఫికెట్ ఎర్రర్ అని వచ్చి ఏమీ దిగలేదు. సిగ్నల్ బాలేదనుకున్నాను, ఫోన్ మార్చాను, డాబా ఎక్కాను. చివరికి డేట్ అని కొడితే మిషన్ ఎన్నో ఏళ్లు వెనక ఉంది! మదర్‌బోర్డు మీదుండే చిన్న నాణెం బ్యాటరీ, సీఆర్2032, అయిపోయింది. గడియారం వెనక ఉంటే సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదని మిషన్ అనుకుంటుంది, అందుకే సైట్లేవీ తెరుచుకోవు, చూసేవాళ్లకి మాత్రం నెట్ పోయినట్టే ఉంటుంది. డేట్ -ఎస్ పెట్టి, కొటేషన్లలో తేదీ, టైమ్ ఇచ్చి సరిచేయండి, తర్వాత హెచ్‌డబ్ల్యూక్లాక్ -డబ్ల్యూ కొడితే బోర్డులోకి ఎక్కుతుంది. ఆ బ్యాటరీ మార్చడం ఎలాగూ తప్పదు. ఆపైన క్రోనీ ప్యాకేజీ వేసి క్రోనీడీ సర్వీస్ ఎక్కించండి. గడియారం సరిచేసే పనికి అప్పటిదాకా ఎవరూ లేరన్నమాట.

సర్వీస్ ఎక్కించడం, దించడం

సర్వీసుల అసలు ఫోల్డర్లు /ఈటీసీ/ఎస్‌వీ లో ఉంటాయి. ఎక్కించడమంటే అక్కడి నుంచి /వార్/సర్వీస్ లోకి ఒక లింకు వేయడమే:

ఎల్ఎన్ -ఎస్ /ఈటీసీ/ఎస్‌వీ/క్రోనీడీ /వార్/సర్వీస్/

దించడమంటే ఆ లింకు తీసేయడం: ఆర్ఎమ్ /వార్/సర్వీస్/క్రోనీడీ. చివర ఏటవాలు గీత (/) పెట్టకండి. తాత్కాలికంగా ఆపాలంటే ఎస్‌వీ డౌన్, లేపాలంటే ఎస్‌వీ అప్, మళ్లీ మొదలుపెట్టాలంటే ఎస్‌వీ రీస్టార్ట్. నేర్చుకోవాల్సినవి ఇంతే.

ఎక్కువగా వాడేది ఎస్‌వీ స్టేటస్, పక్కన సర్వీస్ పేరు. జవాబు చదవడం వస్తే సగం రోగాలు తెలిసిపోతాయి. రన్ అని, పక్కన పిడ్ (నడుస్తున్న ప్రోగ్రామ్ గుర్తింపు) నంబరు, ఎన్ని సెకన్ల నుంచి నడుస్తోందో వస్తే బాగున్నట్టు. కానీ ఒక్కసారి చూసి నమ్మకండి, పది సెకన్లు ఆగి మళ్లీ కొట్టండి. పిడ్ మారిపోయి, సెకన్లు ఎప్పుడు చూసినా 0 లేదా 1 దగ్గరే ఉంటే సర్వీస్ పడిపోతోంది, లస్కర్ లేపుతున్నాడు, మళ్లీ పడిపోతోంది. డౌన్ అని వచ్చి పక్కన వాంట్ అప్ అని ఉంటే లేపాలని చూస్తున్నాడు కానీ లేవట్లేదు. సర్వీస్ ఫోల్డర్లోకి వెళ్లలేకపోతున్నానంటూ వచ్చి, చివర ఫైల్ లేదని ఉంటే అసలు లస్కరే లేడు, మీరు లింకు వేయలేదు లేదా పేరు తప్పు రాశారు. అదే సూపర్‌వైజ్ ఓకే ఫైల్ తెరవలేకపోతున్నానంటూ వచ్చి, చివర యాక్సెస్ డినైడ్ అని ఉంటే సూడో మర్చిపోయారంతే.

కొత్తగా వేసిన సిస్టమ్‌లో ముందు ఎల్ఎస్ /వార్/సర్వీస్ కొట్టి ఎవరెవరు పనిలో ఉన్నారో చూడండి. ఏజెట్టీ-టీటీవై1 నుంచి 6 దాకా ఆరు ఉంటాయి, అంటే ఆరు నల్ల తెరలకి లాగిన్ కాపలాలు. కొట్టుకి రెండు చాలు, 3 నుంచి 6 దాకా తీసేశాను. మొత్తం అన్నీ తీసేయకండి, డెస్క్‌టాప్ పడిపోయిన రోజు లోపలికి వెళ్లే దారి అదే.

నెట్‌వర్క్

వైఫై మార్చుకుంటూ ఉండేవాళ్లకి నెట్‌వర్క్‌మేనేజర్ అనే సర్వీస్ సుఖం. ప్యాకేజీ పేరులో ఎన్, ఎమ్ రెండూ పెద్దవి. దానికి డీబస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) కావాలి, కాబట్టి డీబస్ లింకు ముందు వేయండి. ఎక్కించే ముందు డీహెచ్‌సీపీసీడీ లింకునీ, వైఫైకి కలిపే డబ్ల్యూపీఏ_సప్లికెంట్ లింకు ఉంటే దాన్నీ తీసేయండి. ఇద్దరు లస్కర్ల గొడవకి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు: నెట్ రెండు నిమిషాలు వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది, మీరు రూటర్‌ని తిట్టుకుంటూ ఉంటారు. డబ్ల్యూపీఏ_సప్లికెంట్‌ని తీసేస్తే వైఫై ఎలా వస్తుందని భయపడకండి, నెట్‌వర్క్‌మేనేజర్ తనకి కావాల్సినప్పుడు డీబస్ ద్వారా దాన్ని తనే పిలుచుకుంటుంది.

మామూలు యూజర్‌ని నెట్‌వర్క్ గ్రూపులో చేర్చాలి: యూజర్‌మాడ్ -ఏజీ నెట్‌వర్క్, పక్కన యూజర్ పేరు (ఏ చిన్నది, జీ పెద్దది). చేర్చాక లాగౌట్ అయి మళ్లీ రావాలి, లేదంటే చేర్చినట్టే ఉండదు. ఆ చిన్న ఏ మర్చిపోతే మిగతా గ్రూపులన్నీ పోతాయి, వీల్ గ్రూపు కూడా పోయి సూడో పనిచేయదు, అప్పుడు రూట్‌గా లాగిన్ అయి చేర్చుకోవాల్సిందే.

వైఫై అసలే కనపడకపోతే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ చూడండి. హార్డ్ బ్లాక్డ్ యెస్ అని ఉంటే ల్యాప్‌టాప్ పక్కనున్న చిన్న స్విచ్ ఆఫ్‌లో ఉంది. చాలా పాతవాటిలో ఆ స్విచ్ ఉంటుంది, దుమ్ములో కనపడదు. చిప్ బ్రాడ్‌కామ్‌ది అయితే వాయిడ్-రెపో-నాన్‌ఫ్రీ ప్యాకేజీ వేసుకుని, అందులోంచి బ్రాడ్‌కామ్-డబ్ల్యూఎల్-డీకేఎంఎస్ వేయాల్సి రావచ్చు.

డెస్క్‌టాప్

నేను వేసినవి: ఎక్స్‌ఆర్గ్-మినిమల్, ఎక్స్‌ఆర్గ్-ఇన్‌పుట్-డ్రైవర్స్, ఎక్స్‌ఆర్గ్-ఫాంట్స్, మెసా-డీఆర్ఐ, ఎక్స్‌టర్మ్, సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్, ఐస్‌డబ్ల్యూఎం, పీసీమ్యాన్‌ఎఫ్ఎం, ఫైర్‌ఫాక్స్, గ్న్యూమెరిక్. లెక్కలకి గ్న్యూమెరిక్ చాలు, లిబ్రెఆఫీస్ బరువు. మినిమల్ అన్న ప్యాకేజీలో ఫాంట్లు, టర్మినల్ రావు, విడిగా వేసుకోవాలి, వేయకపోతే నల్ల తెర మీద కర్సర్ ఒక్కటే తిరుగుతుంది.

దీనితోపాటు ఈలాగిన్‌డీ వేసి సర్వీస్ ఎక్కించండి. సిస్టమ్‌డీలో లాగిన్‌డీ అనే ముక్క ఉంటుంది, తెర ముందు కూర్చున్నది ఎవరు, కీబోర్డు, సౌండు, గ్రాఫిక్స్ ఎవరి చేతికివ్వాలి అని చూసుకునేది అదే. దాన్ని విడదీసి తయారుచేసిందే ఈలాగిన్‌డీ. ఇది లేకపోతే డెస్క్‌టాప్ రావచ్చు కూడా, కానీ పెన్‌డ్రైవ్ తెరవనివ్వదు, షట్‌డౌన్ బటన్ పనిచేయదు, సౌండ్ రాదు, ఒక్కోదానికి ఒక్కో కారణం వెతుక్కుంటూ కూర్చుంటారు. లాగిన్ అయ్యాక ఎకో కొట్టి, డాలర్ గుర్తు పక్కన ఎక్స్‌డీజీ_రన్‌టైమ్_డిర్ అని అన్నీ పెద్ద అక్షరాల్లో రాసి చూడండి. /రన్/యూజర్/1000 లాంటిది వస్తే సరే, ఖాళీ వస్తే ఈలాగిన్‌డీ నడవట్లేదు. మిగతావన్నీ వదిలి ముందు అది చూడండి.

హోమ్ ఫోల్డర్లో .ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ అని ఫైల్ పెట్టి (పేరు ముందు చుక్క ఉండాలి) అందులో ఒకే లైన్:

ఎగ్జెక్ డీబస్-రన్-సెషన్ ఐస్‌డబ్ల్యూఎం-సెషన్

తర్వాత స్టార్ట్‌ఎక్స్ కొడితే డెస్క్‌టాప్ వస్తుంది. లాగిన్ అవగానే తనే రావాలంటే .బాష్_ప్రొఫైల్‌లో స్టార్ట్‌ఎక్స్ రాసుకోవచ్చు, కానీ వారం రోజులు చేత్తోనే కొట్టి అంతా కుదిరిందని నమ్మకం వచ్చాకే రాయండి, ముందే రాస్తే తప్పు ఉన్న రోజు లాగిన్ అయినప్పుడల్లా అదే గోడకి తల కొట్టుకోవాలి.

తెర రాకపోతే లాగ్ చూడాలి. హోమ్ ఫోల్డర్లో .లోకల్/షేర్/ఎక్స్‌ఆర్గ్ లోపల గానీ, /వార్/లాగ్ లో గానీ ఎక్స్‌ఆర్గ్.0.లాగ్ ఉంటుంది, మొదటి ఎక్స్ పెద్దది. మొత్తం చదవక్కర్లేదు, బ్రాకెట్లలో రెండు పెద్ద ఈలు ఉన్న లైన్లే ఎర్రర్లు. బూట్ అవుతుండగానే తెర నల్లబడిపోతే గ్రబ్‌లో ఇంగ్లీషు ఈ అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్ చివర నోమోడ్‌సెట్ అని చేర్చి కంట్రోల్ ఎక్స్ నొక్కండి. అది గ్రాఫిక్స్ సమస్యో కాదో తేల్చుకోవడానికి మాత్రమే, అలాగే ఉంచేస్తే తెర నత్తనడక నడుస్తుంది.

మూత వేస్తే నిద్రపోయే గొడవ

ఇది నా చేతులారా తెచ్చుకున్నది. మూత వేస్తే నిద్రపోవాలని ఏసీపీఐడీ సర్వీస్ ఎక్కించాను. ఈలాగిన్‌డీ కూడా అదే పని చేస్తుందని అప్పటికి తెలియదు. మూత వేస్తే నిద్రపోయేది, తెరిస్తే లేచేది, లేచిన రెండు సెకన్లకి మళ్లీ నిద్రపోయేది. "దీనికి నాకంటే నిద్రెక్కువ" అన్నాడు బాబాయి. ఇద్దరూ ఒకే మూత చప్పుడు విన్నారు, ఒకడి తర్వాత ఒకడు నిద్రపుచ్చారు. ఏసీపీఐడీ లింకు తీసేస్తే పోయింది.

తర్వాత ఇంకో సంగతి తెలిసొచ్చింది. బ్యాటరీ లేని మిషన్‌ని నిద్రపుచ్చడమే తప్పు. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ మూత వేశాడు, కరెంటు పోయింది, సేవ్ చేయని లెక్క పోయింది. నిద్రలో ఉన్నప్పుడు పని అంతా ర్యామ్‌లోనే ఉంటుంది, ర్యామ్‌కి కరెంటు ఆగితే ఏమీ మిగలదు. అందుకని /ఈటీసీ/ఈలాగిన్‌డీ లోని లాగిన్‌డీ.కాన్ఫ్ లో హ్యాండిల్‌లిడ్‌స్విచ్ అన్న లైన్ ముందున్న హ్యాష్ తీసేసి, ఈక్వల్ తర్వాత ఇగ్నోర్ అని రాసి రీబూట్ చేశాను. ఇప్పుడు మూత వేసినా మేలుకునే ఉంటుంది. మీ బ్యాటరీ బాగుంటే ఇది అక్కర్లేదు.

తెలుగు

తెలుగు రాకపోతే ఆ కొట్లో ఈ మిషన్ ఎవరికీ అక్కర్లేదు, కాబట్టి దీనికి టైమ్ పెట్టండి. నోటో-ఫాంట్స్-టీటీఎఫ్ ప్యాకేజీ వేస్తే డబ్బాల బదులు అక్షరాలు వస్తాయి. ఇంకా అందమైనవి కావాలంటే మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న లాంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి. టీటీఎఫ్ ఫైళ్లు తెచ్చి హోమ్‌లో .లోకల్/షేర్/ఫాంట్స్ ఫోల్డర్లో వేసి ఎఫ్‌సీ-క్యాష్ -ఎఫ్ కొట్టాలి. ఎక్కాయో లేదో ఎఫ్‌సీ-లిస్ట్ :ల్యాంగ్=టీఈ చెబుతుంది, కోలన్‌కి ముందు ఖాళీ ఉండాలి.

ఎక్స్‌టర్మ్‌లో తెలుగు ఫైల్ పేర్లు ఒత్తులూ గుణింతాలూ విడిపోయి కనపడతాయి. దాన్ని చూసి ఫాంట్ పాడైందనుకోకండి, అక్షరాలని కలిపి పేర్చడం ఎక్స్‌టర్మ్‌కి రాదు. అదే పేరు పీసీమ్యాన్‌ఎఫ్ఎంలో శుభ్రంగా కనపడుతుంది.

టైపింగ్‌కి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, డెస్క్‌టాప్‌ని తెర మీద చూపించే ఎక్స్‌ఆర్గ్‌లోనే తెలుగు కీబోర్డు ఉంది:

సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ -లేఅవుట్ యూఎస్,ఐఎన్ -వేరియంట్ ,టీఈఎల్ -ఆప్షన్ జీఆర్‌పీ:ఆల్ట్_షిఫ్ట్_టాగుల్

వేరియంట్ తర్వాత మొదట కామా వచ్చి, ఆ తర్వాతే టీఈఎల్ రావాలి. ఆ కామా లేకపోతే తెలుగుని ఇంగ్లీషు లేఅవుట్‌కి తగిలించాలని చూసి ఎర్రర్ ఇస్తుంది. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఇది ఇన్‌స్క్రిప్ట్ అమరిక. ఉచ్చారణ పద్ధతి కావాలంటే టీఈఎల్ బదులు టీఈఎల్-కగప అని ఇవ్వండి, దాని స్పెల్లింగ్ కే ఏ జీ ఏ పీ ఏ. మా బాబాయి టైపింగ్ ఎప్పుడూ నేర్చుకోలేదు కాబట్టి ఇన్‌స్క్రిప్ట్ స్టిక్కర్లు అంటించాను, పది రోజుల్లో అలవాటైంది. ఈ కమాండ్ ప్రతిసారీ కొట్టకుండా హోమ్‌లోని .ఐస్‌డబ్ల్యూఎం ఫోల్డర్లో స్టార్టప్ అనే ఫైల్ పెట్టి అందులో రాసి, సీహెచ్‌మాడ్ +ఎక్స్ తో నడిచే హక్కు ఇవ్వండి.

సౌండ్

సౌండ్ రాకపోతే ముందు ఆల్సామిక్సర్ తెరవండి. పలకల కింద ఎమ్ఎమ్ అని ఉంటే మ్యూట్‌లో ఉన్నట్టు, ఎమ్ నొక్కితే పోతుంది. కొత్తగా వేసినప్పుడు చాలాసార్లు ఇంతే. ఇప్పటి ప్రోగ్రాములకి వాటి సౌండ్‌ని స్పీకర్ దాకా చేర్చే పైప్‌వైర్, వైర్‌ప్లంబర్ కూడా వేసుకోవడం మంచిది. సిస్టమ్‌డీ ఉన్నచోట యూజర్ లాగిన్ అవగానే అదే వీటిని లేపుతుంది, ఇక్కడ ఆ పనికి ఎవరూ లేరు, మనమే పెట్టాలి. /ఈటీసీ/పైప్‌వైర్/పైప్‌వైర్.కాన్ఫ్.డి అనే ఫోల్డర్ చేసి, /యూఎస్ఆర్/షేర్/ఎగ్జాంపుల్స్ లోపల వైర్‌ప్లంబర్ ఫోల్డర్లోని 10-వైర్‌ప్లంబర్.కాన్ఫ్ కి, పైప్‌వైర్ ఫోల్డర్లోని 20-పైప్‌వైర్-పల్స్.కాన్ఫ్ కి అక్కడ లింకులు వేయండి. స్టార్టప్ ఫైల్లో పైప్‌వైర్ అని రాసి చివర ఆంపర్‌సాండ్ గుర్తు పెట్టండి. డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్ కొడితే స్పీకర్ పేరు కనపడాలి.

ర్యామ్

2 జీబీకి జ్రామెన్, ఎర్లీఊమ్ రెండూ వేసి సర్వీసులు ఎక్కించండి. మొదటిది ర్యామ్‌లోనే కొంత భాగాన్ని నొక్కిపెట్టిన స్వాప్‌గా వాడుతుంది, రెండోది ర్యామ్ పూర్తిగా నిండి మిషన్ బిగుసుకుపోకముందే ఎక్కువ తింటున్న ప్రోగ్రామ్‌ని ఆపుతుంది. అది సాధారణంగా బ్రౌజరే అవుతుంది. బ్రౌజర్ పోయినా లెక్కల ఫైల్ మిగులుతుంది, అదే కావాలి.

లాగ్‌లు ఏవి?

సిస్టమ్‌డీ నుంచి వచ్చినవాళ్లు అక్కడ లాగ్‌లు చూపించే జర్నల్‌సీటీఎల్ కొట్టి కమాండ్ లేదంటే బిక్కమొహం వేస్తారు. వాయిడ్‌లో లాగ్ రాసేవాళ్లు మొదట్లో ఎవరూ ఉండరు, సాక్‌లాగ్-వాయిడ్ ప్యాకేజీ వేసి, సాక్‌లాగ్-యునిక్స్, నానోక్లాగ్‌డీ అనే రెండు సర్వీసులు ఎక్కించాలి. మీ యూజర్‌ని సాక్‌లాగ్ గ్రూపులో చేర్చాక ఎస్‌వీలాగ్‌టెయిల్ కొడితే వస్తున్నవి వస్తున్నట్టు కనపడతాయి. మొదటి రోజే వేయండి, సమస్య వచ్చాక వేస్తే జరిగిపోయింది ఎక్కడా రాసి ఉండదు.

మీ సొంత సర్వీస్

బాబాయి లెక్కల ఫోల్డర్‌ని గంటకోసారి రెండో డిస్క్‌లోకి కాపీ చేసే చిన్న స్క్రిప్ట్ రాశాను: వైల్ లూప్, అందులో ఆర్‌సింక్, తర్వాత స్లీప్ 3600. దాన్ని సర్వీస్ చేయడానికి /ఈటీసీ/ఎస్‌వీ/లెక్కలు అనే ఫోల్డర్, అందులో రన్ అనే ఫైల్, ఫైల్లో మూడు లైన్లు:

#!/బిన్/ఎస్‌హెచ్
ఎగ్జెక్ 2>&1
ఎగ్జెక్ సీహెచ్‌పీఎస్‌టీ -యూ యూజర్‌పేరు /యూఎస్ఆర్/లోకల్/బిన్/లెక్కలు-కాపీ

తప్పులు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతాయి. రన్ ఫైల్‌కి నడిచే హక్కు ఇవ్వకపోవడం మొదటిది. స్క్రిప్ట్ చివర ఆంపర్‌సాండ్ పెట్టి వెనక్కి పంపేయడం రెండోది, అలా చేస్తే పని అయిపోయిందనుకుని లస్కర్ సెకనుకోసారి కొత్తది లేపుతూ పోతాడు, కాసేపటికి వందల కాపీలు నడుస్తుంటాయి. రనిట్ కింద ప్రోగ్రామ్ ఎప్పుడూ ముందే నిలబడాలి, వెనక్కి పోకూడదు. మూడోది, హోమ్ వేరియబుల్ ఉంటుందనుకోవడం. ఇక్కడ అది ఉండదు, దారులన్నీ మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా రాయండి.

ఎందుకు లేవట్లేదో తెలియకపోతే పీఎస్ ఏఎక్స్ కొట్టి, అందులో రన్‌ఎస్‌వీడిర్ ఉన్న లైన్ వెతకండి. ఆ లైన్ చివర లాగ్ అని ఉండి చుక్కలు కనపడతాయి. అన్నీ చుక్కలే అయితే గొడవ లేదు. చుక్కల బదులు ఏదో రాసి ఉంటే అదే మీ ఎర్రర్, ఫలానా రన్ మొదలుపెట్టలేకపోయాను అని ఉంటుంది. ఈ చిన్న ఏర్పాటు నాకు భలే ఇష్టం, లాగ్ సర్వీస్ కూడా పడిపోయినప్పుడు చెప్పేది ఇదొక్కటే.

కరెంటు పోయి బూట్ కాకపోతే

అక్టోబర్, నవంబర్‌లలో వాయుగుండం పడితే కోనసీమలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో చెప్పలేం. మామూలుగా బూట్ మొదట్లోనే ఎఫ్ఎస్‌సీకే డిస్క్‌ని సరిచేసేస్తుంది. /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్ లో రూట్ లైన్ చివరి అంకె 1 ఉండాలి, 0 ఉంటే ఎవరూ తనిఖీ చేయరు.

అప్‌డేట్ మధ్యలో పోతే మాత్రం కొంచెం పని ఉంటుంది. గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో బూట్ చేయండి, వాయిడ్ పాతవి తనంతట తను తీసేయదు. అదీ కుదరకపోతే ఇందాకటిలాగే ఈ అక్షరం నొక్కి లినక్స్ లైన్ చివర సింగిల్ అని చేర్చండి. రనిట్ ఆ మాట చూసి /ఈటీసీ/రనిట్/రన్‌ఎస్‌వీడిర్ లోపల సింగిల్ ఫోల్డర్ ఉందని గమనించి, మామూలు సర్వీసులన్నీ వదిలేసి ఒక్క రూట్ లాగిన్ మాత్రమే ఇస్తుంది. లోపలికి వెళ్లాక ఈ వరసలో:

ఎక్స్‌బీపీఎస్-పీకేజీడీబీ -ఏ
ఎక్స్‌బీపీఎస్-రీకాన్ఫిగర్ -ఎఫ్ఏ

మొదటిది ఏ ప్యాకేజీలో ఫైళ్లు తేడాగా ఉన్నాయో చెబుతుంది, వాటిని నెట్ వచ్చాక ఎక్స్‌బీపీఎస్-ఇన్‌స్టాల్ -ఎఫ్ తో మళ్లీ వేయాలి. రెండోది సగంలో ఆగినవాటిని పూర్తి చేస్తుంది, పాత మిషన్లో పావుగంట పట్టొచ్చు, కంగారుపడి ఆపకండి.

డిస్క్ నిండిపోయినా అప్‌డేట్ ఇలాగే సగంలో ఆగుతుంది. వీకేపర్జ్ ఆర్ఎమ్ ఆల్ పాత కెర్నల్స్‌ని తీసేస్తుంది, ఎక్స్‌బీపీఎస్-రిమూవ్ -ఓఓ (ఒకటి పెద్దది, ఒకటి చిన్నది) పాత డౌన్‌లోడ్‌లని, ఎవరికీ అక్కర్లేని ప్యాకేజీలని తుడుస్తుంది. కొత్త కెర్నల్‌తో రెండు రోజులు నడిచిందని చూసుకున్నాకే పాతవి తీయండి.

చివరగా బిల్లులకి ప్రింటర్ తగిలించి, దాన్ని నడిపే కప్స్ ప్యాకేజీ వేసి కప్స్‌డీ సర్వీస్ ఎక్కించాను. ఆ రోజు ఎల్ఎస్ /వార్/సర్వీస్ కొడితే పదమూడు పేర్లు వచ్చాయి: ఏజెట్టీ రెండు, యూడెవ్‌డీ, డీబస్, ఈలాగిన్‌డీ, నెట్‌వర్క్‌మేనేజర్, క్రోనీడీ, సాక్‌లాగ్-యునిక్స్, నానోక్లాగ్‌డీ, జ్రామెన్, ఎర్లీఊమ్, కప్స్‌డీ, లెక్కలు. ఒక్కోదాని పక్కన దాని పని తెలుగులో రాసి ఆ కాగితం ల్యాప్‌టాప్ అడుగున అంటించాను. మొన్న ఆదివారం బాబాయి ఫోన్ చేసి "కప్స్‌డీ అన్నది డౌన్ అని చూపిస్తోందిరా, ఎస్‌వీ అప్ కొట్టనా?" అని అడిగాడు. కొట్టమన్నాను, బిల్లు వచ్చింది.